బరువంతా ఆగేటప్పుడే

మాది మురమళ్ళ. ఊరి పేరు చెప్పగానే చాలామందికి భద్రకాళీ సమేత వీరేశ్వరస్వామి గుర్తొస్తారు. రోజూ సాయంత్రం అక్కడ స్వామివారి కళ్యాణం జరుగుతుంది. ఏడాది పొడుగునా ప్రతిరోజూ పెళ్ళే. ఆ వేళకి మా ఊరి రోడ్డు కార్లతో, ఆటోలతో, మోటారుసైకిళ్ళతో నిండిపోతుంది. ఆ సందడిలో ఈమధ్య ఒకటి గమనిస్తున్నాను. పెద్దబండ్ల మీద వచ్చేవాళ్ళలో నెరిసిన తలలు కనిపిస్తున్నాయి. బుల్లెట్లు, జావాలు, అంతకన్నా పెద్దవి. నడిపేవాళ్ళకి యాభై అయిదు, అరవై, ఆపైన. పిల్లల చదువులు అయ్యాయి. పెళ్ళిళ్ళు అయ్యాయి. ఎప్పుడో పాతికేళ్ళ కిందట వదిలేసిన బండి మళ్ళీ ఇంటికొచ్చింది.

నేనూ వాళ్ళలో ఒకణ్ణే. అందుకే ఇవాళ మీతో మాట్లాడాలని వచ్చాను. చెప్పదలచుకున్నది ఒక్కటే మాట. పెద్దబండి బరువు నడిచేటప్పుడు తెలియదు. ఆగేటప్పుడు తెలుస్తుంది. ఇది మనసులో పెట్టుకోండి. నేను మళ్ళీమళ్ళీ ఇక్కడికే వస్తాను.

ముందు పాతసంగతి ఒకటి చెబుతాను. 1990 ప్రాంతంలో నేను కాలవల శాఖలో వర్క్ ఇన్‌స్పెక్టరుగా చేసేవాణ్ణి. మా మామయ్య వాడిన పాత బుల్లెట్ నాకొచ్చింది. తెల్లారితే కాలవ గట్లమీదే నా తిరుగుడంతా. లాకుల దగ్గరికి, తూముల దగ్గరికి, చేల మధ్యకి. అప్పటికి యెదుర్లంక దగ్గర గోదావరి మీద వంతెన లేదు. ఇప్పుడున్న వారధికి లోక్‌సభ స్పీకరుగా చేసిన జి.ఎం.సి. బాలయోగి గారి పేరు పెట్టారు. ఆయనది ఆ యెదుర్లంకే. వారధి రాకముందు యానాం వెళ్ళాలంటే పంటు ఎక్కాలి. మనుషులు, సైకిళ్ళు, గేదెలు, కార్లు, అన్నీ పంటు మీదే.

పంటు ఎక్కడానికి రేవు నుంచి బల్లలు వేసేవారు. పోటు మీదుంటే బల్ల చదునుగా ఉండేది. పాటు వేళ నీరు దిగిపోతే బల్ల ఏటవాలు. దానిమీద తడి. దానికి తోడు బురదకాళ్ళు. మొదటిసారి నేను బల్లమీద సగందూరం వెళ్ళి, భయమేసి ఆపేశాను. అంతే. బండి ఒక పక్కకి వాలిపోయింది. పంటు మీదున్న ఇద్దరు కుర్రాళ్ళు పరుగెత్తుకొచ్చి పట్టుకోకపోతే నేనూ బండీ గోదాట్లోనే. పక్కనే సరంగు నిలబడి ఉన్నాడు. పెద్దవాడు. ఒకటే మాటన్నాడు. "బాబుగారూ, బల్లెక్కే ముందే లోపల ఎక్కడ నిలబెడతారో చూసుకోవాలండి. మధ్యలో ఆలోచించకూడదు."

ఆ మాట అప్పుడు విన్నాను. పనికొచ్చింది కూడా. తర్వాత ఎప్పుడూ బల్లమీద ఆగలేదు. కానీ అది పంటుకి చెప్పిన మాటే అనుకున్నాను. బండి మొత్తానికీ చెప్పిన మాట అని తెలుసుకోవడానికి నాకు ముప్పై ఏళ్ళు పట్టింది.

1997లో ఆ బుల్లెట్ అమ్మేశాను. ఇంట్లో అవసరాలు. కొన్నాళ్ళు స్కూటరు నడిపాను. ఆ తర్వాత గేర్లు లేని స్కూటీ. సంతకి వెళ్ళినా అదే. పెళ్ళికి వెళ్ళినా అదే. అలా ఇన్నేళ్ళు గడిచాయి. ఉద్యోగం నుంచి దిగిపోయాక మా మేనల్లుడు నన్ను అమలాపురం తీసుకెళ్ళాడు. క్లాసిక్ 350 చూపించాడు. ఆ ఇంజను చప్పుడు వినగానే నాకు కళ్ళు చెమర్చాయి. ఈ మాట చెప్పడానికి నేను సిగ్గుపడను. ఆ చప్పుడులో నా ముప్పై ఏళ్ళ వయసు వినిపించింది.

బండి కొన్న నాలుగో రోజు. మా ఇంటి వాకిలి రోడ్డుకన్నా కాస్త ఎత్తు. చిన్న సిమెంటు వాలు ఉంటుంది. నేను బజారు నుంచి వచ్చి మెల్లగా ఎడమకి తిప్పుతున్నాను. నడిచే మనిషంత వేగం కూడా లేదు. పెయ్యదూడ ఒకటి ఎదురుగా వచ్చింది. రెండు చేతులూ బిగించాను. ఎడమకాలు గట్టిగా తొక్కాను. మరుక్షణం బండి ఎడమకి పడిపోయింది. పట్టుకోవాలని చూశాను. ఆగలేదు. నడుము పట్టేసింది. చీలమండ బండికింద నలిగింది. పదిరోజులు కట్టుతో మంచంమీద ఉన్నాను.

ఆ పదిరోజులూ నన్ను తొలిచింది నొప్పి కాదు. ఒకటే ప్రశ్న. యానాం దాకా వెళ్ళొచ్చాను. లారీల మధ్య 216 నంబరు హైవే మీద నడిపాను. ఏమీ కాలేదు. మరి ఇంటి గుమ్మంలో ఎందుకు పడ్డాను?

కట్టు విప్పాక ముమ్మిడివరంలో నాకు తెలిసిన మెకానిక్ దగ్గరికి వెళ్ళాను. నాకన్నా ఇరవై ఏళ్ళు చిన్నవాడు. పడిన తీరంతా విన్నాడు. "బాబాయ్ గారూ, మీరు స్కూటీ ఆపినట్టు చేతులు బిగించారండి. పాత బుల్లెట్ ఆపినట్టు కాలు తొక్కారండి. ఈ బండి ఆ రెండూ కాదండి" అన్నాడు.

అదేమిటో వివరంగా చెబుతాను. మళ్ళీ బండెక్కే ప్రతివాళ్ళకీ ఇది ప్రాణమంత ముఖ్యం.

పాత బుల్లెట్‌కి గేరు కుడికాలికి ఉండేది. వెనక బ్రేకు ఎడమకాలికి. మొదటి గేరు పైకి, మిగతా గేర్లు కిందికి. ఇప్పుడొచ్చే పెద్దబండ్లకి అంతా తిరగేసి ఉంటుంది. గేరు ఎడమకాలికి. వెనక బ్రేకు కుడికాలికి. మొదటి గేరు కిందికి, మిగతావి పైకి. నా ఎడమకాలు బ్రేకనుకుని తొక్కింది గేరుని.

ఇక చేతులు. గేర్లు లేని బండికి రెండుచేతులకీ బ్రేకులే. ఎడమచేతిది వెనక చక్రానికి. మోటారుసైకిలుకి ఎడమచేతిలో ఉండేది క్లచ్చి. కంగారులో రెండూ కలిపి బిగిస్తే ఏమవుతుంది? ఎడమచేత్తో ఇంజనుకీ చక్రానికీ సంబంధం తెంపేశాం. కుడిచేత్తో ముందు చక్రాన్ని పట్టేశాం. అది పాతకాలపు డ్రమ్ము బ్రేకు కాదు, డిస్కు. ఠక్కున పడుతుంది. అప్పటికి హ్యాండిల్ ఎడమకి తిరిగి ఉంది. తిరిగి ఉన్న ముందు చక్రం ఆగితే బండి ఆ పక్కకే కూలుతుంది. ఏబీఎస్ ఉంది కదా అంటారు. అది వేగంగా వెళ్ళేటప్పుడు చక్రం బిగుసుకుపోయి జారకుండా చూస్తుంది. గుమ్మం ముందు వాలిపోయే బండిని నిలబెట్టదు.

అయినా కొత్తబండి అని నాకు తెలుసు కదా? మూడురోజులు సరిగ్గానే నడిపాను కదా? నిజమే. ఇంట్లో స్విచ్చుబోర్డు ఒక గోడ నుంచి ఇంకో గోడకి మార్పించారనుకోండి. వారంరోజుల్లో అలవాటైపోయిందనుకుంటాం. ఓ రాత్రి కలవరంగా లేస్తాం. చీకట్లో చెయ్యి పాతగోడనే తడుముతుంది. కాళ్ళూ చేతులూ అంతే. తీరిగ్గా ఉన్నప్పుడు కొత్తమాట వింటాయి. కంగారులో పాతమాటే వింటాయి. కుర్రాడికి పాతమాటంటూ లేదు. మనకుంది. మళ్ళీ బండెక్కేవాడు కొత్తగా నేర్చుకునేవాడికన్నా జాగ్రత్తగా ఉండాల్సింది అందుకే.

ఇప్పుడు బరువు సంగతికి వస్తాను. ఇప్పటి క్లాసిక్ 350 బరువు 195 కిలోలు. మనవైపు ధాన్యం బస్తా 75 కిలోలు. అంటే రెండున్నర బస్తాలు. అప్పట్లో కుర్రాళ్ళు మోజుపడ్డ యమహా ఆర్ఎక్స్ 100 వంద కిలోల పైచిలుకు. దాదాపు దానికి రెట్టింపు బరువు మనం అరవయ్యో ఏట కాళ్ళమధ్య పెట్టుకుంటున్నాం.

రెండున్నర బస్తాలు ఎవరైనా మొయ్యగలరా? మొయ్యక్కర్లేదు. కొబ్బరితోటలో నిచ్చెన నిలబెట్టడం చూసే ఉంటారు. నిటారుగా ఉన్నంతసేపూ ఒక్క చేత్తో పట్టుకోవచ్చు. మూరెడు పక్కకి వాలిందా, ఇద్దరు కావాలి. ఇంకా వాలితే దాన్నొదిలేసి పక్కకి తప్పుకోవడమే. బండీ అంతే. నిటారుగా ఉంటే దాని బరువు చక్రాలమీదుంటుంది. వాలితే మనమీదికి వస్తుంది. నిటారుకీ వాలిపోవడానికీ మధ్య జానెడు జాగా ఉంటుంది. మన పనంతా ఆ జానెడులోనే.

మరి నడిచేటప్పుడు ఎందుకు వాలదు? గోదారి ఒడ్డువాళ్ళకి చెప్పడం తేలిక. పడవ కదులుతున్నంతసేపూ చుక్కాని మాట వింటుంది. పడవ ఆగిపోయాక చుక్కాని ఎటు తిప్పినా పలకదు. బండి కదులుతుంటే హ్యాండిల్ ఏ కాస్త కదిపినా బండి తన్ను తాను సర్దుకుంటుంది. వేగం చచ్చాక హ్యాండిల్ పలకదు. ఇక మిగిలింది మన కాళ్ళే. అందుకే అంటున్నాను, బరువంతా ఆగేటప్పుడే.

ఆ మెకానిక్ నాచేత సాధన చేయించాడు. ఆదివారం పొద్దున్నే, బడి మైదానంలో. పిల్లలు లేని వేళ. కొబ్బరి డొక్కలు తెచ్చి వరసగా పెట్టాడు. మొదటి వారం ఇంజను స్టార్టు చెయ్యనివ్వలేదు. బండిని తోసుకుంటూ తిప్పమన్నాడు. నేను చేతులు చాచి దూరంగా నిలబడి తోస్తుంటే ఆపేశాడు. "మా అమ్మ నీళ్ళబిందె చంకనెత్తుకున్నట్టు తొయ్యాలండి" అన్నాడు. నిండుబిందె ఒంటికి ఆనించుకుంటే ఎంతదూరమైనా మోస్తారు. చెయ్యి చాచి పట్టుకుంటే పదడుగులు వెయ్యలేరు. అలాగే నడుము సీటుకి ఆనించి, చూపుడువేలు ముందుబ్రేకు మీద ఉంచి తోస్తే బండి పిల్లిలా వచ్చింది.

రెండో వారం ఆపడం. వట్టి ఆపడమే. డొక్క దాకా వెళ్ళాలి, హ్యాండిల్ తిన్నగా చెయ్యాలి, కుడికాలితో వెనకబ్రేకు మెల్లగా తొక్కాలి, ఎడమకాలు నేలకి ఆనించాలి. మళ్ళీ వెళ్ళాలి, మళ్ళీ ఆపాలి. ఒక పూటకి నలభైసార్లు చేశాను. చివరి మూరెడు దూరంలో ముందుబ్రేకు జోలికి పోవద్దన్నాడు. మలుపులో ఆగాల్సివస్తే ముందు హ్యాండిల్ సరిచేసుకుని, తర్వాతే ఆగమన్నాడు. హ్యాండిల్ తిన్నగా, తర్వాత బ్రేకు. ఇదొక్కటి చేసుంటే ఆరోజు నేను పడేవాణ్ణి కాదు.

మూడో వారం నడకవేగం. క్లచ్చి సగం పట్టుకుని, ఇంజను కాస్త లాగుతూ ఉండగా, వెనకబ్రేకు మీద కాలు తేలిగ్గా ఆనించి, డొక్కల మధ్య తిప్పడం. చూపు డొక్కమీద పెట్టకూడదు. వెళ్ళాల్సిన చోటు మీద పెట్టాలి. మెడ పూర్తిగా తిప్పి చూడాలి. అరవై దాటాక మెడ తిరగడం అంత తేలిక కాదు. నాకు ఇంటిదగ్గర రోజూ మెడ వ్యాయామం చెయ్యాల్సివచ్చింది.

శ్రోతలారా, ఇందులో చిన్నతనం ఏమీ లేదు. బ్రిటన్‌లో ఇలా నడివయసు దాటాక పెద్దబండ్లకి తిరిగొచ్చినవాళ్ళు చాలామంది ఉన్నారు. అక్కడ బైకు నడిపేవాళ్ళ కోసం పోలీసులే బైక్‌సేఫ్ అని ఒక కార్యక్రమం నడుపుతారు. బాగా నడిపే పోలీసు మన వెనకే వచ్చి, మనం నడిపే తీరు చూసి, తప్పొప్పులు చెబుతాడు. ఆ దేశపు టెడ్ సైమన్ అనే ఆయన 1973లో ట్రయంఫ్ బండి మీద ప్రపంచయాత్రకి బయల్దేరాడు. నాలుగేళ్ళు తిరిగాడు. మనదేశం మీదుగా కూడా వెళ్ళాడు. మళ్ళీ 2001లో, డెబ్బై ఏళ్ళకి దగ్గరపడ్డాక, ఆ పాతదారే పట్టాడు. కాబట్టి వయసైపోయింది, ఇక వద్దు అని నేనెవరికీ చెప్పను. నేర్చుకుని ఎక్కండి అంటాను.

ఇప్పుడు మన కోనసీమలో ఆగే చోట్ల గురించి. ఇది నాకు బాగా తెలిసిన విషయం.

కావిడి మోసేవాణ్ణి చూడండి. భుజానికెత్తే ముందే ఎక్కడ దించాలో చూసుకుంటాడు. మనమూ అంతే. ఎక్కే ముందే దిగే చోటు చూసుకోవాలి. ఆగే చోటికి పదిబారల ముందే చూపు నేలమీదికి వెళ్ళాలి. నా కాలు ఎక్కడ ఆనుతుంది? అక్కడ నేల గట్టిదేనా?

కాలవ గట్టుమీద లారీకి దారివ్వడానికి అంచుకి జరుగుతాం. ఆ అంచున గడ్డి పచ్చగా గట్టిగా కనిపిస్తుంది. కింద మెత్తటి ఒండ్రు. కాలు పెడితే చీలమండ దాకా దిగుతుంది. కాలు నాలుగంగుళాలు దిగిందంటే బండి ఆ జానెడూ దాటిపోయినట్టే. వాలేది కాలవ వైపుకే. లారీ వస్తుంటే అంచుకి జరక్కండి. ముందే వెడల్పు ఉన్నచోట, తూము దగ్గరో ఇంటి వాకిలి దగ్గరో ఆగి, దాన్ని పోనివ్వండి. ముప్పై ఏళ్ళు ఈ గట్లమీద పనిచేసిన మనిషిగా చెబుతున్నాను. గట్టు అంచుని నమ్మకండి.

కోతల రోజుల్లో రోడ్డుమీద ధాన్యం ఆరబోస్తారు. ధాన్యం మీద చక్రం వెళ్ళగలదేమో గానీ, దానిమీద ఆగామా, కాలు జారుతుంది. గింజలు బూటుకింద గోళీల్లా దొర్లుతాయి. తడిసిన కొబ్బరిపీచు కూడా అంతే. రొయ్యల వ్యాన్లు నీరు కార్చుకుంటూ వెళతాయి. ఆ తడి మలుపుల్లో ఎక్కువుంటుంది.

ఇక బండి నిలిపే తీరు. మురమళ్ళ గుడి దగ్గర సాయంత్రం చూడండి. చాలామంది పల్లంలోకి ముక్కుపెట్టి ఆపేస్తారు. ఆపడం తేలిక. తియ్యాలంటే 195 కిలోలు ఎత్తుమీదికి వెనక్కి లాగాలి. మోకాళ్ళు అరిగినవాడి వల్ల అయ్యేపని కాదు. అప్పుడే బండ్లు పడతాయి. ఒకటి పడితే పక్కవి నాలుగు పడతాయి. రేవులో పడవ కట్టేవాడు మర్నాడు ఎటు వెళ్ళాలో చూసుకుని కడతాడు. మనమూ ముక్కు బయటివైపుకి ఉండేట్టు, వెనక భాగం పల్లంవైపు ఉండేట్టు నిలపాలి. గేరులో పెట్టి దిగాలి. జాగా లేదంటే వంద గజాల అవతల ఆపి నడిచి వద్దాం. స్వామి ఎక్కడికీ పోరు.

ఇంత చేసినా ఓసారి బండి పడుతుంది. పడుతోందని తెలిశాక పట్టుకోకండి. ఇది చాలామందికి మనసొప్పదు. కొత్తబండి, ట్యాంకుమీద సొట్ట పడుతుందని ప్రాణం కొట్టుకుంటుంది. సొట్ట తియ్యొచ్చు. నడుములో పూస జారితే మళ్ళీ యథాస్థానానికి రావడం కష్టం. కాలు తప్పించుకుని వదిలెయ్యండి. ముందు ఇంజను ఆపండి. కుడివైపు పడితే లేపే ముందే సైడుస్టాండు తీసిపెట్టండి. లేకపోతే లేచిన బండి అవతలికి పడుతుంది. గొంతుక్కూచుని, వీపు సీటుకి ఆనించి, ఒకచేత్తో హ్యాండిలూ ఇంకోచేత్తో వెనక కడ్డీ పట్టుకుని, నడుము వంచకుండా తొడలతో లేవాలి. ఇది పద్ధతి. కానీ మన వయసువాళ్ళకి అంతకన్నా మంచి పద్ధతి ఇంకొకటుంది. ఎవరినైనా పిలవండి. కోనసీమ రోడ్డుమీద కేకవేస్తే పలకనివాళ్ళుండరు.

కొన్ని చిన్నసంగతులు గబగబా చెప్పేస్తాను. లైసెన్సు తీసి చూసుకోండి. గడువు తీరి ఏడాది దాటితే మళ్ళీ డ్రైవింగు పరీక్షకి వెళ్ళాలి. నలభై దాటినవాళ్ళకి రెన్యువలుకి డాక్టరు సర్టిఫికెట్టు కావాలి. దాన్ని మొక్కుబడి కాగితం అనుకోకండి. నిజంగానే కళ్ళు చూపించుకోండి. శుక్లాలు మొదలైతే రాత్రివేళ ఎదురు లైట్లు పువ్వుల్లా విచ్చుకుని కనిపిస్తాయి. రక్తపోటు మందులు వేసుకునేవాళ్ళు తల తిరుగుతుందేమో డాక్టరుని అడగండి. అటకమీది పాత హెల్మెట్ వాడకండి. లోపలి పొర పొడిబారిపోయి ఉంటుంది. ఐఎస్ఐ గుర్తున్న కొత్తది, తలకి బిగుతుగా ఉన్నది కొనండి. బండి కొనేముందు సీటెక్కి కూర్చోండి. రెండు పాదాలూ పూర్తిగా నేలకి ఆనుతున్నాయా లేదా చూడండి. మునివేళ్ళమీద నిలబడాల్సివస్తే ఆ బండి ఎంత అందంగా ఉన్నా మనది కాదు. సీటు తక్కువ ఎత్తున్న బండ్లున్నాయి. వెతకండి.

ఇక వెనక కూర్చునేవాళ్ళ గురించి. మనిషి ఎక్కేటప్పుడు, దిగేటప్పుడు బండి ఆగే ఉంటుంది. అంటే బరువంతా మనమీదుంటుంది. ఆ సమయంలో వెనకమనిషి ఒక పక్కకి వేలాడితే చాలు, ఆ జానెడూ దాటిపోతుంది. అందుకని మా ఇంట్లో ఒక ఒప్పందం పెట్టుకున్నాం. నేను రెండుకాళ్ళూ ఆనించి, ముందుబ్రేకు పట్టుకుని, "ఊ" అంటాను. అప్పుడే మా ఆవిడ ఎక్కాలి. అప్పుడే దిగాలి.

నేను పడ్డాక ఆవిడ ఆ బండెక్కనని పట్టుబట్టింది. తప్పు పట్టలేను. ఆ పదిరోజులూ నాకు కాపడం పెట్టింది తనే. నా సాధన మొదలైన మూడు నెలలకి, ఓ ఆదివారం బడి మైదానం గోడదగ్గర నిలబడి చూసింది. నేను డొక్కల మధ్య తిప్పుతూ ఇరవైసార్లు ఆపడం చూసింది. ఏమీ అనలేదు. ఆ సాయంత్రం, "యానాం వెళ్దామా" అంది.

వెళ్ళాం. వారధి ఎక్కాక గోదారిగాలి పక్కనుంచి తోసింది. భుజాలు వదులుచేసి, అదే వేగంతో పోనిచ్చాను. కింద పాత రేవు వైపు ఆవిడ చెయ్యి చూపించింది. పెళ్ళైన కొత్తలో ఆ రేవులో ఆవిణ్ణి బండి దిగమని, ముందు నడిచి పంటెక్కమనేవాణ్ణి. బండిని బల్లమీదికి ఎక్కిస్తుంటే చీరకొంగు నోటికి అడ్డంపెట్టుకుని చూస్తూ నిలబడేది.

యానాంలో గోదారి ఒడ్డున ఆపాలి. పదిబారల ముందే చోటు చూసుకున్నాను. సిమెంటు నేల, చదును. ముక్కు రోడ్డువైపుకి తిప్పాను. హ్యాండిల్ సరిచేశాను. వెనకబ్రేకు తొక్కాను. ఎడమకాలు ఆనింది. కుడికాలు ఆనింది. వెనక ఆవిడ కదలకుండా కూర్చునే ఉంది.

"ఊ" అన్నాను. దిగింది.